ముందు కన్నీళ్లు, తర్వాతే ప్యానెల్

సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో పుట్టి పెరిగినవాళ్లకి ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. బిషప్‌గారి కుర్చీ ఖాళీ అయిందంటే చాలు, ఆరాధన ముగిసి బయటికొచ్చాక గుడి మెట్ల మీద వినపడే మొదటి మాట "ఈసారి రేసులో ఎవరెవరున్నారు?" అన్నదే. ఆయన వయసైపోయి రిటైరయ్యారా, పదవిలో ఉండగానే కన్నుమూశారా అన్నదాన్ని బట్టి ఆ ప్రశ్న మారదు. అలా పదవిలో ఉండగా పోయిన ఒక బిషప్‌గారి జ్ఞాపకార్థ కూడికకి వెళ్తే పందిరి బయట వరసగా ఫ్లెక్సీలు. పోయినాయన ఫొటో పైన ఓ మూలన చిన్నగా ఉంది. "కన్నీటి నివాళి" అర్పిస్తున్న పెద్దల ఫొటోలు మాత్రం నిలువెత్తున ఉన్నాయి. ఆ పెద్దల్లో కొందరు తర్వాత, కొత్త బిషప్ కోసం పేర్లు ఎంచే ప్యానెల్‌కి పోటీపడ్డారు. ఎవరూ ఆశ్చర్యపోలేదు.

ఎన్నికలు వద్దని నేననడం లేదు. నాయకుడు మారే కాలం ముందు దుఃఖకాలం, ఆ తర్వాతే ఎన్నికల కాలం అంటున్నాను. మనం మొదటిదాన్ని పూర్తిగా మింగేశాం. దాని బరువు ఎవరి మీద పడుతోందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

బయటివాళ్ల కోసం పద్ధతి క్లుప్తంగా: సీఎస్ఐలో అధ్యక్షఖండపు (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం, డయోసీస్) కౌన్సిల్ ఓట్లేసి కొన్ని పేర్లతో ప్యానెల్ తయారుచేస్తుంది. అందులోంచి ఒకర్ని పై స్థాయి సభ అయిన సినడ్ ఎంచుకుంటుంది. ఈలోగా పాలన చూసుకోవడానికి సీఎస్ఐ అంతటికీ పెద్ద అయిన మోడరేటర్ తన తరఫున ఒక కమిసరీని పంపుతారు. సాధారణంగా ఆయన వేరే అధ్యక్షఖండపు బిషప్ అయి ఉంటారు. కాగితం మీద చక్కటి ఏర్పాటే. కాని ప్యానెల్ మీద కేసు పడితే, ఆ కేసు మీద స్టే వస్తే, "ఈలోగా" అన్న మాట ఎంత సాగుతుందో ఎవరూ చెప్పలేరు. గొడవలు మన ఖండాలతోనే ఆగలేదు. సినడ్ వ్యవహారాలు చూడమని 2024 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు ఇద్దరు రిటైర్డ్ జడ్జీలను నియమించాల్సి వచ్చింది. ప్రార్థనా క్రమం తప్ప మిగతాదంతా వకీళ్లకి అప్పజెప్పిన సంఘం మనది, అని మా మావయ్య అంటుంటాడు. ఆయన కూడా వకీలే.

2021 వేసవిలో మా ఖండంలో కుర్చీ ఖాళీగా ఉంది. కరోనా రెండో అల ఊపిరాడనివ్వని రోజులవి. మా డీనరీలో (పక్కపక్క పాస్టరేట్ల గుంపు) పాస్టర్లు పోయారు, పెద్దలు పోయారు, కొన్ని ఇళ్లలో భార్యాభర్తలిద్దరూ పోయారు. భూస్థాపనకి పదిమందిని కూడా రానివ్వని సమయంలో క్వయర్ కుర్రాళ్లు పీపీఈ కిట్లు వేసుకుని పెట్టెలు మోశారు. స్త్రీల మైత్రి వాళ్లు వంతులేసుకుని చావు ఇళ్ల గేటు దగ్గర అన్నం క్యారేజీలు పెట్టి వెళ్లారు. ఫోన్లోనే కీర్తన పాడి, ఫోన్లోనే ప్రార్థన చేసి ఆదరణ కూడికలు జరిపారు. ఇదంతా ఏ సర్క్యులర్ వల్లా జరగలేదు. సర్క్యులర్ మీద సంతకం పెట్టే మనిషే లేడు.

దీన్ని పట్టుకుని "చూశావా, బిషప్ లేకపోయినా సంఘం నడిచింది, ఇక బిషప్పులెందుకు" అనే మిత్రులున్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. కూడు పెట్టడానికి, కన్నీళ్లు తుడవడానికి బిషప్ అక్కర్లేదు, నిజమే. కాని సంతకానికి కావాలి.

సంతకం అంత పెద్ద విషయమా అనుకునేవాళ్లు పాస్టరమ్మగారి పరిస్థితి ఒక్కసారి ఆలోచించండి. మన సంఘాల్లో పాస్టర్‌ని అయ్యగారని, ఆయన భార్యని అమ్మగారని పిలుస్తాం. అమ్మగారు జీతం లేని ఉద్యోగి. సండే స్కూలు ఆవిడదే, స్త్రీల మైత్రి ఆవిడదే, పురుడొచ్చిన ఇంటికి అర్ధరాత్రి వెళ్లేదీ ఆవిడే. అయ్యగారు పోయిన రోజున ఆవిడ భర్తని పోగొట్టుకుంటుంది. ఆపైన ఇల్లు పోతుంది, ఎందుకంటే అది క్వార్టర్. పని పోతుంది, ఎందుకంటే కొత్త అయ్యగారితో కొత్త అమ్మగారు వస్తారు. చివరికి తన సంఘమూ పోతుంది, ఎందుకంటే అది ట్రాన్స్‌ఫర్ మీద దొరికిన సంఘం, సొంతూరు కాదు. పిల్లల చదువు మధ్యలో ఉంటుంది. పీఎఫ్, గ్రాట్యుటీ, వితంతు పింఛను ఫైళ్లు ఆఫీసులో ఉంటాయి. ఆ ఆఫీసుకి బిషప్ లేకపోతే "కొత్త బిషప్‌గారు రానివ్వండమ్మా" అన్న జవాబు దొరుకుతుంది. నాకు తెలిసిన ఒకావిడకి క్వార్టర్ ఖాళీ చేయమనే లెటర్ మాత్రం ఏ బిషప్పూ లేకుండానే వచ్చింది. కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఆగని సంతకాలు కొన్ని ఉంటాయన్నమాట.

ఆ లెటర్ పంపిన గుమాస్తా చెడ్డవాడేమీ కాదు. రూలు ప్రకారమే పంపాడు. తప్పంతా మనం దేన్ని అర్జెంటు అనుకుంటున్నాం, దేన్ని ఆగొచ్చు అనుకుంటున్నాం అన్నదాంట్లో ఉంది. ప్యానెల్ ఆగదు, లీజులు ఆగవు, ట్రాన్స్‌ఫర్లు ఆగవు. ఆవిడ పింఛను ఆగొచ్చు.

ఇప్పుడు దోర్నకల్‌కి వస్తాను. మన తెలుగు ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘ సంప్రదాయపు) చరిత్రలో నాయకుడి చావు, సంఘం నిర్ణయం ఒకదాని మీద ఒకటి పడ్డ సందర్భం అదే. అజరయ్యగారి పేరు తలవని కన్వెన్షన్ ఉండదు, ఆయన చనిపోయాక ఏం జరిగిందో మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి జిల్లాలో పుట్టిన తమిళుడు. 1909లో మిషనరీగా నిజాం రాజ్యంలోని దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో ఆయన్ని బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు. చిన్న ఖండంగా మొదలైన దోర్నకల్‌లో 1920ల నాటికి కృష్ణా జిల్లాలో సీఎంఎస్ అనే ఆంగ్లికన్ మిషన్ నడిపిన సంఘాలు, కర్నూలు, కడప వైపు ఎస్పీజీ అనే ఇంకో ఆంగ్లికన్ మిషన్ నడిపిన సంఘాలు కలిసిపోయాయి. అంటే సింగరేణి బొగ్గు గనుల దాపు నుంచి బందరు సముద్రం దాకా, నల్లమల అవతల దాకా ఒకే బిషప్. సంఘస్తుల్లో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెలవాళ్లు. కమిసరీ మన భాషవాడు కాదని సణిగేవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే బాగుండు: మనం ఎక్కువగా ప్రేమించిన బిషప్‌కి కూడా తెలుగు నేర్చుకున్న భాషే.

దోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ కెథెడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. కాజీపేట నుంచి విజయవాడ పోయే రైల్లో ఆ జంక్షన్ దాటినవాళ్లు లక్షల్లో ఉంటారు గాని, దిగి ఆ రాతి స్తంభాలు, గుమ్మటాలు చూసినవాళ్లు కొద్దిమందే. హిందూ మండపం, ముస్లిం మినారు, క్రైస్తవ శిలువ అక్కడ ఒకే కట్టడంలో కలుస్తాయి. అది కట్టినాయన ఇంకో ఆరేళ్లే బతికారు. 1945 జనవరి 1న జ్వరంతో పోయారు. ముప్పై రెండేళ్లు ఒకే మనిషి బిషప్. ఆనాడు పల్లెల్లో నడివయసు దాటని క్రైస్తవులకి ఇంకో బిషప్ ముఖమే తెలీదు.

ఆ చావు ఎలాంటి సమయంలో వచ్చిందో చూడండి. దక్షిణ భారతంలో సంఘాల ఐక్యత కోసం 1919లో తరంగంబాడిలో మొదలైన చర్చలకి అజరయ్య ప్రాణం పెట్టారు. అవి పండుతున్న సమయానికి ఆయన లేరు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథెడ్రల్‌లో సీఎస్ఐ పుట్టినప్పుడు దోర్నకల్ తరఫున కుర్చీలో ఉన్నది, అంతకుముందు సహాయ బిషప్‌గా పనిచేసిన ఎ. బి. ఎలియట్ అనే తెల్ల మిషనరీ. మొదటి భారతీయ బిషప్ తర్వాత, స్వాతంత్ర్యం గుమ్మంలో ఉండగా, మళ్లీ తెల్ల బిషప్. నా దృష్టిలో అది వెనకడుగే. ఎలియట్ పల్లెలెరిగిన మనిషే కావచ్చు. కాని మూడు దశాబ్దాలకు పైగా సాగిన పాలన ఒక భారతీయ వారసుణ్ణి అందరూ ఒప్పుకునేలా నిలబెట్టలేకపోయిందన్నది ఆ పాలన మీదే ఒక మాట.

అదే సమయంలో నంద్యాల విడిపోయింది. ఎస్పీజీ సంప్రదాయంలో పెరిగిన అక్కడి ఆంగ్లికన్లలో వేలమంది సీఎస్ఐలోకి రామన్నారు. తమ ఆరాధన పద్ధతి పోతుందేమోనని, బిషప్ చేతుల మీదుగా అభిషేకం పొందని పాస్టర్లని ఎలా ఒప్పుకోవాలని వాళ్లకి సందేహాలుండేవి. వాళ్లని కలకత్తా మెట్రోపాలిటన్ (బిషప్పుల మీద పెద్ద బిషప్) కింద ఉంచారు. 1963లో నంద్యాల విడి అధ్యక్షఖండమైంది, 1975లో గాని సీఎస్ఐలో కలవలేదు. ఇరవై ఎనిమిదేళ్లు ఒకే జిల్లాలో, ఒకే కీర్తనల పుస్తకం పట్టుకున్న బంధువులు రెండు సంఘాలు.

"అజరయ్య ఇంకో మూడేళ్లు బతికుంటే నంద్యాల విడిపోయేది కాదు" అని పెద్దలు అనడం విన్నాను. ఆ మాట వింటే నాకు మెచ్చుకోలు కంటే భయమే ఎక్కువ కలుగుతుంది. ఒక మనిషి ఊపిరి మీద నిలబడ్డ ఐక్యత ఆయనతోనే పోతుంది. నంద్యాలవాళ్ల సందేహాలు సిద్ధాంతానివే కావచ్చు. కాని తండ్రి లాంటి మనిషి పోయిన ఇంట్లో మూడేళ్లలోపే ఇల్లు మార్చే నిర్ణయం తీసుకోవాల్సి వస్తే, ఎవరో ఒకరు గడప దాటనని మొండికేస్తారు. వాళ్ల అలకలో దుఃఖం కూడా కొంత ఉండి ఉంటుందని నా ఊహ. ఆ కోణం నుంచి నంద్యాల సంగతి మాట్లాడినవాళ్లు నాకెక్కడా తగల్లేదు.

మరి అజరయ్య పోయాక పల్లెలు ఎలా నిలబడ్డాయి? జవాబు ఆయన చేసిన పనిలోనే ఉంది, ఆయన గొప్పతనంలో కాదు. బాప్తిస్మం పొందినవాళ్ల చేత తలమీద చెయ్యి పెట్టించి "నేను సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ" అనిపించేవారు. పాలేరు చేత, కూలికి పోయే ఆడమనిషి చేత కూడా. పని నాది అని ఒప్పుకున్న మనిషి అయ్యగారి కోసం ఎదురుచూడడు. పల్లె పల్లెకి ఉపదేశి, సాయంత్రం ప్రార్థన, కోత పండుగకి ధాన్యం కానుక, ఇంటింటా పక్కకి తీసిపెట్టే పిడికెడు బియ్యం. ఖండం అంటే నిజానికి ఇదే. బిషప్ మారినా ఇవి మారలేదు. 2021లో గేటు దగ్గర క్యారేజీ పెట్టిన ఆడవాళ్లు ఆ పిడికెడు బియ్యం ఇళ్లలో పుట్టినవాళ్లే.

ఇక వాక్యం సంగతి. ప్రతి పట్టాభిషేకంలోనూ మోషే తర్వాత యెహోషువ అని ప్రసంగం వింటాం. ప్రసంగీకులు దాటేసే వచనం ద్వితీయోపదేశకాండం 34:8. మోయాబు మైదానాల్లో ఇశ్రాయేలీయులు మోషే కోసం ముప్పై రోజులు దుఃఖం సలిపారు. వారసుడు దొరక్క ఆగారా? లేదు. యెహోషువ మీద మోషే చేతులు అప్పటికే ఉంచాడు. ప్యానెల్ లేదు, పోటీ లేదు, స్టే లేదు. యొర్దాను ఎదురుగానే ఉంది. అయినా ముప్పై రోజులు ఆగారు. వారసుడు సిద్ధంగా ఉన్నవాళ్లే ఆగితే, వారసుడెవరో తెలియని మనకి తొందరెందుకు?

"తొందర ఎందుకంటే, ఆ ముప్పై రోజుల్లో ఆస్తులు అమ్మేస్తారు" అంటాడు మా మావయ్య. ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. మిషన్ స్థలాలు ఊరి నడిబొడ్డున ఉంటాయి, వాటి మీద చాలామంది కళ్లుంటాయి. అందుకే దుఃఖకాలంలో చేయకూడని పనుల జాబితా ముందే రాసుకోవాలి. లీజు రాయకూడదు, అమ్మకూడదు, ట్రాన్స్‌ఫర్లు చేయకూడదు. కమిసరీకి ఆ అధికారాలు ఉండకూడదు. వితంతువుల ఫైళ్లు, ఉపదేశుల జీతాలు, ఆసుపత్రి బిల్లులు మాత్రం ఆపే అధికారం ఆయనకీ ఉండకూడదు. ఇప్పుడు నడుస్తున్నది సరిగ్గా దీనికి తలకిందులు. కుర్చీ ఖాళీగా ఉంటే కొంపలు మునుగుతాయన్న భయం కూడా అనవసరం. ఇంగ్లండు సంఘానికి పెద్ద బిషప్, అంటే కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ జస్టిన్ వెల్బీ 2025 జనవరి 6న తప్పుకుంటే, తర్వాతివారిగా సారా ముల్లల్లీ పేరు బయటికొచ్చింది అక్టోబరు 3న. తొమ్మిది నెలలు. అక్కడా విమర్శలు వినపడ్డాయి, కాని ఆదివారం ఆరాధన ఒక్కటీ ఆగలేదు.

రెండో అభ్యంతరం ఇంకాస్త బలమైనది. దుఃఖం మనం చెప్పిన తేదీకి రాదు కదా, బిషప్ ఉన్నా లేకపోయినా ఊరి మీద పడుతుంది కదా అంటారు. నిజం. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ ఆంగ్లికన్ల సంగతే చూడండి. 2011 ఫిబ్రవరి 22 భూకంపంలో ఆ ఊళ్లో 185 మంది పోయారు, కెథెడ్రల్ శిఖరం కూలింది. కూల్చేయాలా, తిరిగి కట్టాలా అని ఏళ్ల తరబడి కోర్టులు, పత్రికలు, సినడ్లు. తిరిగి కట్టాలని 2017లో సినడ్ ఓటేసింది, మరుసటి ఏడాది బిషప్ విక్టోరియా మాథ్యూస్ పదవి వదిలారు. కొత్త బిషప్ పీటర్ కారెల్‌కి 2019 ఫిబ్రవరి 9న అభిషేకం జరిగింది. ఐదు వారాలకి, మార్చి 15 శుక్రవారం నమాజు వేళ, అదే ఊళ్లో రెండు మసీదుల మీద కాల్పులు. 51 మంది చనిపోయారు. వాళ్లలో మన హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు, ఆ వారం టోలీచౌకీ వైపు ఇళ్లలో ఫోన్లు ఆగకుండా మోగాయి.

ఐదు వారాల బిషప్ ఏం చేయగలడు? ఆ చావులు తన మందవి కూడా కావు. ఆ ఊళ్లో బొటానిక్ గార్డెన్స్ గోడ పొడవునా పూలు పేర్చింది మామూలు జనం. ఎనిమిదేళ్ల కింద తమవాళ్ల కోసం ఏడ్చినవాళ్లకి, ఇరుగుపొరుగు కోసం ఏడవడం ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. కెథెడ్రల్ పని మాత్రం డబ్బు చాలక 2024లో ఆగిపోయింది. గోడల గురించి జరిగిన వాదనలో వందో వంతు పక్కింటి చావు గురించి జరగలేదు, ఎందుకంటే దానికి వాదన అక్కర్లేదు. నా పట్టు ఇదే. దుఃఖం తేదీ చూసి రాదు కాబట్టే, దుఃఖించే అలవాటు సంఘానికి ముందే ఉండాలి. సొంత బిషప్ పోయినప్పుడే ఏడవడానికి తీరిక లేని ఖండం, పక్కవాడి మసీదు దగ్గరికి ఏ ముఖంతో వెళ్తుంది?

ముప్పై రోజులు ఇచ్చినా వాటినీ ప్రచారానికే వాడుకుంటారని మూడో మాట. వాడుకుంటారు, అనుమానం లేదు. కాని ఇప్పుడు ప్రచారం చేసేవాడికి సిగ్గుపడాల్సిన అవసరం లేదు. దుఃఖకాలం అని కౌన్సిల్ తీర్మానించాక ఫ్లెక్సీ కట్టినవాణ్ణి కనీసం "ఇదేంటయ్యా" అని అడగొచ్చు. ప్యానెల్‌కి నిలబడ్డవాళ్లని అడగాల్సిన ప్రశ్న కూడా నాకొకటుంది: గత ఏడాది మీ పాస్టరేట్‌లో పోయినవాళ్ల ఇళ్లకి నెల దాటాక మళ్లీ వెళ్లారా? మొదటి రోజు అందరూ వెళ్తారు, ఫొటోగ్రాఫర్ కూడా వెళ్తాడు. నెల దాటాక వెళ్లినాయన ఎవరో ఆ వీధివాళ్లకి తెలుసు. కౌన్సిల్‌లో ఓటున్న మన ప్రతినిధులు ఆ వీధుల నుంచే వెళ్తున్నారు, కావాలంటే కనుక్కోగలరు.

సినడ్ దాకా పోకుండా పాస్టరేట్ స్థాయిలోనే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మా కమిటీలో రెండిటిని తీర్మానంగా పెట్టాం. పాస్టర్ పోతే ఆయన కుటుంబం పిల్లల పరీక్షలయ్యేదాకా క్వార్టర్‌లోనే ఉండాలి, ఆలోగా కొత్త అయ్యగారికి అద్దె ఇల్లు సంఘమే చూడాలి. దీనికి ట్రెజరర్‌గారు గట్టిగా అడ్డుపడ్డారు. అద్దె ఎవరిస్తారని ఆయన ప్రశ్న, అది న్యాయమైనదే. స్త్రీల మైత్రి తమ నిధి నుంచి సగం ఇస్తామన్నాక ఊరుకున్నారు. రెండోది, నవంబరు 2న సమాధుల పండుగకి ఆ ఏడాది పోయినవాళ్ల పేర్లు గుళ్లో చదివేటప్పుడు ఖండమంతటా పోయిన పాస్టర్ల, ఉపదేశుల పేర్లూ చదవాలి. దీనికి ఖర్చు లేదు కాబట్టి ఎవరూ అడ్డుపడలేదు.

వచ్చే ఖండ కౌన్సిల్ ఎజెండా కాపీ మాకు అందింది. ప్యానెల్ ఎన్నిక మొదటి అంశం. సంతాప తీర్మానం, పాస్టర్ల వితంతువుల బకాయిలు కలిపి ఒకే అంశంగా చివర్లో, "ఇతర విషయాలు" కంటే ఒక్క మెట్టు పైన పెట్టారు. భోజనాల వేళకి సగం మంది వెళ్లిపోతారని అందరికీ తెలుసు. ఈ రెండు అంశాలనీ తారుమారు చేయమని మా పాస్టరేట్ నుంచి ఉత్తరం పెట్టాం. ఇంకో మూడు పాస్టరేట్లు పెడతామన్నాయి. మీ ప్రతినిధి ఎవరో తెలిస్తే, కౌన్సిల్‌కి బయల్దేరేలోపు ఆయనకి ఒక ఫోన్ చేయండి.